నిక్షేపము, దాయభాగము, అస్వామివిక్రయము: ఏడవ నిజాము జీవితమునందు మూడు వ్యవహారపదములు

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి హైటెక్ సిటీ యని వ్యవహరింపబడుచున్న ప్రాంతములో నేడు గాజుమేడలు, వాటి నడుమ వంతెనదారులు తప్ప వేరేమియు కంటికానదు. కాని అచ్చటి భూమిపత్రములను చేతబట్టినవారికి మరియొక లోకము గోచరించును. రాయదుర్గము నవఖాల్సా, రాయదుర్గము పాన్‌మక్తా వంటి పేర్లు రెవెన్యూ దాఖలాలలో నేటికిని నిలిచియున్నవి. ఇందలి ఉత్తరపదములు గ్రామనామములు కావు. భూమిపై ఎవరి అధికారము ఎట్టిదో తెలుపు పారిభాషికపదములు. ఖాల్సా యనగా సర్కారువారి ప్రత్యక్షాధీనమందలి భూమి. నవఖాల్సా యనగా అట్లు క్రొత్తగా కలుపుకొనబడినది. మక్తా యనగా ఒక నిర్ణీతమొత్తము చెల్లించు కట్టుబాటుపై ఇయ్యబడినది. ఇవికాక నగరమును చుట్టియున్న పల్లెలలో కొన్ని పాయిగాలవి, కొన్ని జాగీరుదారులవి, పెక్కు ప్రభువుయొక్క స్వంత ఎస్టేటగు సర్ఫెఖాసునకు చెందినవి. నగరపరిసర జిల్లాయగు అత్రాఫె బల్దా సర్ఫెఖాసు భూభాగమే.

ఈ పదములన్నిటికిని ప్రాణమిచ్చిన అధికారము చివరిసారి ఎవరిచేతనుండెనో ఆ ప్రభువు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఆయన చరిత్ర అనేకులచే అనేకవిధముల వ్రాయబడినది. ఐశ్వర్యమును వర్ణించినవారు కొందరు, పిసినారితనపు కథలు చెప్పినవారు కొందరు, రజాకార్ల కాలమునుబట్టి నిందించినవారు, విశ్వవిద్యాలయమునుబట్టి స్తుతించినవారు మరికొందరు. వంశచరిత్ర పరిశోధకునకు ఉపయోగించు దృష్టి వేరు. ఇతరుల దాయాదితగవులను తీర్చవలసిన స్థానమున ముప్పదియేడేండ్లు కూర్చున్నవాడు, తన దాయాదులకు తగవు రాకుండ ధనమును ఇతరుల చేతులలో పెట్టి పోవలెనని ప్రయత్నించినాడు. ఆ ప్రయత్నమెంతవరకు నెరవేరెనో పరిశీలించుటయే ఈ వ్యాసముయొక్క పని. మన కళాశాలలలో వ్యవహారాధ్యాయమును పరీక్షకొరకు చదివించి విడిచిపెట్టుచున్నాము. నిక్షేపము, అస్వామివిక్రయము, దాయభాగము అనునవి మనువు పదునెనిమిది వ్యవహారపదములలోనివని విద్యార్థి అప్పగించును. ఆ మూడును ఒక్క మనుష్యుని జీవితము చుట్టును ఎట్లల్లుకొనునో చూపుటకు ఇంతకంటె సమీపమైన దృష్టాంతము నాకు దొరకలేదు.

ఉస్మాన్ అలీ ఖాన్ 1886 ఏప్రిల్‌లో పురానీ హవేలీలో జన్మించినాడు. తండ్రి ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్. 1911 ఆగస్టు 29న తండ్రి మరణింపగా ఆసఫ్‌జాహీ వంశములో ఏడవ నిజాముగా అధికారమునకు వచ్చినాడు. తండ్రి పాదరక్షలో దాచిన జాకబ్ వజ్రము కుమారునికి దొరకినదనియు, దానిని ఆయన కాగితములమీది బరువుగా వాడినాడనియు లోకమందు చెప్పుకొందురు. నూటయెనుబది క్యారట్లకు మించిన ఆ వజ్రము కథకంటె దాని తరువాతి గతి మనకు ముఖ్యము. దానిని ముందు చెప్పెదను.

1908లో మూసీనది వరద నగరమును ముంచివేసినది. యౌవనములో ఆ విపత్తును కన్న ఉస్మాన్ అలీ ఖాన్ తన పాలనలో మూసీమీద గండిపేటవద్ద 1920లో ఉస్మాన్‌సాగరమును, ఈసానదిపై 1927లో హిమాయత్‌సాగరమును పూర్తి చేయించినాడు. వరదనివారణకు విశ్వేశ్వరయ్య ఇచ్చిన యోచనయే వీటికి మూలము. నేటి సమాచారసాంకేతిక సంస్థల ప్రాంతము నైరుతిదిక్కున పెరుగుచు ఆ గండిపేట జలాశయపు సమీపమునకే చేరినది. 1917 ఏప్రిల్ ఫర్మానాతో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఏర్పడి, 1919లో ఉర్దూమాధ్యమముతో బోధన ఆరంభించినది. పుణెలోని భండార్కర్ ప్రాచ్యవిద్యాసంస్థ మహాభారత సంశోధితముద్రణకు ఆయన వార్షికసహాయము చేసినాడు. అచ్చటి అతిథిగృహము నేటికిని నిజాము పేరనే యున్నది. ప్రాచ్యవిద్యాలయములవారు ఈ విషయమును మరువరాదు కాని, దీనివలన ఆయన పాలనలోని ఇతరదోషములు మాసిపోవని గూడ చెప్పవలసియున్నది. 1937 ఫిబ్రవరిలో అమెరికాలోని టైమ్ పత్రిక ఆయన చిత్రమును ముఖపత్రముపై ప్రకటించి ప్రపంచములో అత్యంత ధనికుడని పేర్కొన్నది.

ఇక తగవులు తీర్చు ప్రభువు సంగతి. హైదరాబాదు సంస్థానములో జాగీరు వంశపారంపర్యపు ఆస్తి కాదు. అది ప్రభువిచ్చిన భోగాధికారము మాత్రమే. అనుభవించువాడు చనిపోగానే అది శాస్త్రరీత్యా ప్రభువునకే తిరిగి చెందును. విచారణ జరిపి, వారసులెవరో తేల్చి, మరల ఇయ్యవలెను. ఆ విచారణఫలితముగా వెలువడు పత్రమునకు ముంతఖబ్ అని పేరు. అందులో మృతుని సంతతి, భార్యలు, వారి వాటాలు ఉండును. మృతుని సొంత ఆస్తియైన మత్రూకా సంగతి వేరు. అది షరియతు ననుసరించి వారసులకు పంచబడును. ఒక గ్రామము జాగీరా మత్రూకాయా అను ప్రశ్నకు చెప్పు సమాధానమునుబట్టి, వారసులకు ఆ భూమిలో పాలున్నదో లేదో తేలును. ఈ భేదమును గుర్తింపక వ్రాసిన వంశచరిత్రలు చాలవరకు నిష్ప్రయోజనములు.

సంస్థానపు ప్రభువర్గములో నిజాము తరువాత పాయిగా వంశీయులు అగ్రగణ్యులు. ఆస్మాన్‌జాహీ, ఖుర్షీద్‌జాహీ, వికారుల్ ఉమ్రాహీ అని వారి ఎస్టేటు మూడుపాయలైనది. వారిలో వారికి తగవులు ముదిరినందున ఉస్మాన్ అలీ ఖాన్ తన పాలన తొలినాళ్లలోనే ఆ ఎస్టేట్లను తన పర్యవేక్షణకు తెచ్చుకొని, కొంతకాలమునకు విడుదల చేసినాడు. బాలురైన జాగీరుదారుల ఎస్టేట్లు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అధీనమున నడచెడివి. పరధనమును పాలించు అధికారి నిజాయతీగా లెక్కచెప్పవలెనన్నచో అతనిపై ఇంకొక కన్నుండవలెననునది ఈ వ్యవస్థ నేర్పెడి పాఠము. ఉస్మాన్ అలీ ఖాన్ దానిని బాగుగనే నేర్చినాడని ఆయన తరువాత వ్రాయించిన ట్రస్టుపత్రములే చెప్పుచున్నవి.

ఆయన స్వంత కుటుంబము పెద్దది. 1906లో వివాహమాడిన దుల్హన్ పాషా బేగముయందు ఆజమ్ జాహ్, మొఅజ్జమ్ జాహ్ అను కుమారులు కలిగిరి. ఇతరస్త్రీలయందు కలిగినవారితో కలిపి సంతానము ముప్పదికి పైబడినది. 1931లో ఫ్రాన్సులోని నీస్ నగరమున పెద్దకుమారులిద్దరికి తురుష్క ఖలీఫా వంశపు కన్యలు దుర్రుషెహ్వార్, నిలోఫర్‌లతో వివాహములు జరిగినవి. దుర్రుషెహ్వార్ చివరి ఖలీఫాయగు రెండవ అబ్దుల్ మజీదు కుమార్తె. ఆమెకు 1933లో ముకర్రమ్ జాహ్ జన్మించినాడు. ఆజమ్ జాహ్ దుబారావలనను అప్పులవలనను తండ్రికి అతనిపై నమ్మకము సడలినది. చివరకు కుమారుని దాటి మనుమడగు ముకర్రమ్ జాహ్‌నే తన ఉత్తరాధికారిగా నిర్ణయించినాడు.

ఈ నిర్ణయములోని చిక్కును మన పాఠకులు మితాక్షరతో పోల్చి చూచిన సులభముగా గ్రహింపగలరు. విజ్ఞానేశ్వరుడు మితాక్షరను రచించిన కల్యాణి 1956వరకు ఈ నిజాము సంస్థానపు సరిహద్దులలోనిదే. బీదరు జిల్లాలోని నేటి బసవకల్యాణము. దానిని తెలుగున విజ్ఞానేశ్వరీయముగా సంతరించిన కేతన మనవాడు. మితాక్షరమతమున పుత్రపౌత్రులకు పైతృకధనములో జన్మముచేతనే స్వత్వము కలుగును, అది అప్రతిబంధదాయము. తండ్రి బ్రతికియుండగనే కుమారుడును మనుమడును సహస్వాములు. హనఫీ ధర్మశాస్త్రమున జన్మస్వత్వము లేదు. ఆస్తిస్వామి జీవించియున్నంతవరకు కొడుకునకైనను ఏ హక్కును లేదు. మరణించిన క్షణమున వారసులందరికి నియతమైన వాటాలు ఏర్పడును; కుమారునకు రెండు పాళ్లు, కుమార్తెకు ఒక పాలు. కుమారులు జీవించియుండగా మనుమనికి పాలే లేదు. మరణశాసనమును మూడవవంతునకు మించి వ్రాయరాదు. ఇతరవారసుల సమ్మతి లేక ఒక వారసునికి ప్రత్యేకముగా వ్రాయరాదు. కాబట్టి ఉస్మాన్ అలీ ఖాన్ తన సింహాసనమును మనుమనికి ఇయ్యగోరవచ్చును గాని, తన ధనమును ఆ మార్గమున పంపుటకు వీలునామా చాలదు. జీవితకాలములోనే ధనమును తన చేతినుండి విడిపించి, ఇతరుల చేతబెట్టి, ఎవరికెంత ముట్టవలెనో వ్రాసియుంచుట యొక్కటే మార్గము. ఆయన ట్రస్టులకు మూలకారణము ఆదాయపు పన్నని కొందరందురు, అది పాక్షికసత్యము. దాయభాగ సమస్యయే బలవత్తరమని నా అభిప్రాయము.

ఇంతలో 1948 వచ్చినది. భారతసైన్యము సెప్టెంబరు 13న సంస్థానములో ప్రవేశించినది; 17న హైదరాబాదు లొంగిపోయినది. ఈ రెంటి నడుమ, సెప్టెంబరు 16న, లండనులోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో హైదరాబాదు ప్రభుత్వపు ఖాతానుండి 10,07,940 పౌండ్ల 9 షిల్లింగుల ధనము అచ్చటి పాకిస్తాను హైకమిషనరు హబీబ్ ఇబ్రహీం రహింతూలా పేరిటి ఖాతాకు మార్చబడినది. మార్పించినవాడు హైదరాబాదు మంత్రి మొయిన్ నవాజ్ జంగ్. భద్రతామండలిలో సంస్థానముతరపున వాదించుటకు వెళ్లిన బృందమునకు నాయకుడు. కొలది దినములలోనే నిజాము, ఆ మార్పు తన అనుమతి లేక జరిగినదనియు ధనమును తిరిగి తన ఖాతాలో చేర్చవలెననియు బ్యాంకును కోరినాడు. క్రొత్త ఖాతాదారుని సమ్మతి లేనిదే ఇయ్యజాలమని బ్యాంకు నిలిచిపోయినది. ఆ ధనము అట్లే డెబ్బదియేండ్లకు పైగా బ్యాంకులో వడ్డీతో పెరుగుచు కూర్చున్నది.

మన వ్యవహారశాస్త్రము ఈ ఘట్టమునకు సరిగా సరిపోవు పరిభాషను ఏనాడో ఏర్పరచినది. లెక్కచెప్పి అప్పగించినది నిక్షేపము. లోనున్నదేమో చెప్పక మూసి ముద్రవేసి అప్పగించినది ఉపనిధి. యాజ్ఞవల్క్యుడు ఉపనిధికి ప్రత్యేకప్రకరణమునే ఏర్పరచి, ఎరువు తెచ్చినదానికి, ఒకనిచేతినుండి మరియొకనిచేతికి పోయిన నిక్షేపమునకు గూడ అదే ధర్మమును విస్తరించినాడు. మనువు మరియొక సూక్ష్మము చెప్పినాడు. అప్పగించినవాడు జీవించియుండగా నిక్షేపమును అతని సన్నిహితబంధువు చేతికైనను ఇయ్యరాదు. అతడు మరణించిన పిదప స్వయముగా వారసునికి ఇచ్చినవానిని మరల నిలదీయరాదు. రహింతూలా చేతిలోని ధనమును గూర్చి ప్రశ్నలన్నియు ఇవే. అప్పగించినవాడెవడు? మంత్రియా, ప్రభువా, ప్రభుత్వమా? ఎవరికొరకు అప్పగించినాడు? అప్పగించినవాడు పోయిన పిదప ఎవరికియ్యవలెను? మొయిన్ నవాజ్ జంగ్ ఆ ధనమును తన ఖాతాలో వేసికొనలేదను సంగతి న్యాయముగా చెప్పవలెను. అపహరణ వేరు, అధికారము లేక పరధనమును కదల్చుట వేరు. నష్టము మాత్రము స్వామికి రెంటను సమానమే.

నిజాము 1954లో లండనులో వ్యాజ్యము వేసినాడు. 1957లో ప్రభువులసభ, ధనమునకు చట్టరీత్యా స్వామిగా కనబడుచున్నది వేరొక సర్వసత్తాక రాజ్యముగనుక దానిపై విచారణ సాగదని వ్యాజ్యమును నిలిపివేసినది. పాకిస్తాను తన రాజ్యరక్షణను వదలుకొననంతవరకు న్యాయము జరుగుటకు వీలు లేకపోయినది. నిక్షేపధారి తానే ప్రభువైనపుడు నిక్షేప్త గతి ఏమను ప్రశ్న ధర్మశాస్త్రములయందు రాలేదు. రాజు పరధనమునకు రక్షకుడని వారు భావించియుండిరి గాని ఒక రాజు ధనము మరియొక రాజు చేత చిక్కుట వారి ఊహలో లేదు.

లోపల సంస్థానపు ఆస్తి సర్దుబాటు శీఘ్రముగా జరిగినది. 1949 ఫిబ్రవరిలో సర్ఫెఖాసు ప్రభుత్వములో విలీనమైనది. అదే సంవత్సరము ఆగస్టులో జాగీరులు రద్దైనవి. 1950 జనవరి 26నుండి 1956 అక్టోబరు 31వరకు ఉస్మాన్ అలీ ఖాన్ రాజప్రముఖుడు. సంవత్సరమునకు 50 లక్షల రూపాయల రాజభరణము. పాలకుడు కుటుంబపెద్దగా మారిన ఈ సంవత్సరములలోనే ఆయన ట్రస్టులను ఒకదాని వెంట ఒకటి వ్రాయించినాడు. 1950 మే నెలలోని కుటుంబ ట్రస్టునందు 9 కోట్ల రూపాయల విలువగల ప్రభుత్వపత్రములు పెట్టి, దానిని 175 సమభాగములుగా ఊహించి, బంధువులకు ఎవరికెన్ని భాగములో పట్టికలో చూపినాడు. ఈ పట్టికలు కేవల ధనపత్రములు కావు. రాజకుటుంబములో ఎవరు ఎవరికి ఏమగుదురో, ఎవరి స్థానమెట్టిదో, యజమాని స్వయముగా చేసిన నిర్ణయము వాటిలో కలదు. ఈ ట్రస్టులలో ఒకదానిపై సంపదపన్ను వివాదము సుప్రీంకోర్టువరకు పోయి 1977లో తీర్పైనది. ఆ తీర్పు వలన ట్రస్టు నిర్మాణము లోకమునకు తేటతెల్లమైనది. పన్నువారు వేసిన వ్యాజ్యము వంశచరిత్రకు ఆధారమగుట విచిత్రమే.

1951లో ఆభరణముల ట్రస్టు, మరుసటియేట దానికి అనుబంధమైన రెండవ ట్రస్టు ఏర్పడినవి. జాకబ్ వజ్రముతోసహా వంశపు ముఖ్యాభరణములు వాటిలో చేరినవి. తన జీవితానంతరము, పెద్దకుమారుని జీవితానంతరము మాత్రమే అమ్మకము జరుగవలెనని నియమము. ధర్మకర్తలలో ఇంటివారితోపాటు బయటి అధికారులును ఉండునట్లు ఏర్పాటు. ఒక్కని చేతికి తాళము ఇయ్యని ఈ జాగ్రత్తలో, పాయిగాల తగవులు విన్న ప్రభువు అనుభవము కనబడుచున్నది.

అదే కాలమున, ఏ ఏర్పాటును చేయక పోయిన ధనికుని కథ ఆయన కన్నులయెదుటనే నడచినది. మూడవ సాలార్‌జంగ్ 1949 మార్చి 2న అవివాహితుడుగా, నిస్సంతుగా మరణించినాడు. ఆయన సేకరించిన కళావస్తువులకు, ఎస్టేటునకు బంధువులమని పలువురు ముందుకు వచ్చిరి. ప్రభుత్వము ఎస్టేటు కమిటీని నియమించినది. 1951 డిసెంబరులో దీవాన్ దేవిడీలో ప్రదర్శనశాల తెరువబడినది. హక్కుదారులతో రాజీ కుదిరి, 1961లో పార్లమెంటు చట్టము వచ్చి, ఆ సంపద జాతీయసంస్థయైనది. వారసుడు లేని ధనము నిలిచినది. వారసులు పెక్కుమంది యున్న ధనమే చెదరినదని ఈ రెండు కథలను కలిపి చదివినవారికి తోచును. అది పూర్తిగా నిజము కాదు గాని పూర్తిగా అబద్ధమును కాదు.

లండను ధనమును గూర్చి ఉస్మాన్ అలీ ఖాన్ రెండు పరస్పరవిరుద్ధముల వంటి పనులు చేసినాడు. 1963లో దానిని మనుమలగు ముకర్రమ్ జాహ్, ముఫఖ్ఖమ్ జాహ్‌ల ప్రయోజనమునకై ట్రస్టుగా ఏర్పరచినాడు. 1965లో అందలి తన హక్కును భారతరాష్ట్రపతికి దఖలు చేసినాడు. ఎనుబదేండ్ల వయస్సు సమీపించిన మనుష్యుడు, తన చేతికి రాని ధనమును ఇద్దరికి ఇచ్చెనని మనము ఆక్షేపింపవచ్చును. చేతిలోని ధనమును గూర్చి అంత జాగరూకుడైనవాడు చేతిలో లేని ధనమును గూర్చి ఇట్లు ప్రవర్తించుటకు, అది రాదను నిరాశయే కారణమై యుండవచ్చును.

ఇచ్చట ఒక చిన్న విషయాంతరము. 1965 యుద్ధకాలమున ఆయన దేశరక్షణనిధికి అయిదు టన్నుల బంగారము దానమిచ్చినాడని చిరకాలముగా చెప్పుకొనుచున్నారు. సమాచారహక్కు చట్టముక్రింద వెలువడిన సమాధానములనుబట్టి, ఆయన ఇచ్చినది 425 కిలోల బంగారము. అదియు దానము కాదు, జాతీయరక్షణ స్వర్ణపత్రముల పథకములో వడ్డీకి పెట్టిన పెట్టుబడి. ఆ సాయము విలువలేనిదని దీని అర్థము కాదు. దానమునకు నిక్షేపమునకు గల భేదమును లోకోక్తి ఎంత తేలికగా చెరిపివేయునో పరిశోధకుడు గమనింపవలెను.

1967 ఫిబ్రవరి 24న కింగ్‌కోఠీలో ఆయన మరణించినాడు. మూడు దినములకు భారతప్రభుత్వము ముకర్రమ్ జాహ్‌ను ఉత్తరాధికారిగా, స్వంత ఆస్తులకు సైతము ఏకైకవారసునిగా గుర్తించినది. రాజ్యాంగము చెప్పిన రాజభరణపు గుర్తింపు ఒకటి, షరియతు చెప్పిన వాటా మరియొకటి యని ఇతర సంతతివారు వాదించిరి, వ్యాజ్యములు మొదలైనవి. 1971లో రాజభరణములు రద్దైనవి. ముకర్రమ్ జాహ్ పశ్చిమ ఆస్ట్రేలియాలో గొఱ్ఱెలపెంపక క్షేత్రమునకు పోయి, తరువాత తురుష్కదేశమున స్థిరపడినాడు. దూరదేశమున నున్న యజమాని ఆస్తి ఇచ్చటివారి చేతులలో ఎట్లుండునో విస్తరించి చెప్పనక్కరలేదు. తాళములు, సంతకములు, ముఖ్తారునామాలు కలవారే నిజమైన యజమానులగుదురు.

1970లో ఆజమ్ జాహ్ మరణముతో ఆభరణముల అమ్మకమునకు అడ్డు తొలగినది. ధర్మకర్తలు వేలమునకు పూనుకొనగా, దేశసంపద విదేశములకు పోరాదని వివాదము చెలరేగి న్యాయస్థానముల జోక్యముతో ఆగినది. చివరకు 1995లో 173 ఆభరణములను కేంద్రప్రభుత్వము 218 కోట్ల రూపాయలకు కొన్నది. మొత్తము తక్కువయని లబ్ధిదారులలో అసంతృప్తి మిగిలినది. ఇరువది సంవత్సరములకు పైగా ఆగిన అమ్మకము ధర్మకర్తల దోషమని చెప్పలేము. కాని ఫలమనుభవింపవలసినవారిలో కొందరు ఈలోపల గతించిరి. సకాలమున చేరని నిక్షేపము గూడ ఒకవిధముగా లోపించినదే.

లండను వ్యాజ్యము 2013లో పాకిస్తాను స్వయముగా న్యాయస్థానమునకు పోవుటతో తిరిగి తెరువబడినది. తానే వాదిగా వచ్చినందున రాజ్యరక్షణ వదలుకొన్నట్లే యని తేలినది. 2019 అక్టోబరు 2న న్యాయమూర్తి మార్కస్ స్మిత్, ఆ ధనము ఆయుధములకు చెల్లించిన మూల్యమను వాదమును త్రోసిపుచ్చి, రహింతూలా దానిని ఏడవ నిజాముకొరకు ట్రస్టుగా మాత్రమే ఉంచుకొన్నాడనియు, నిజాము హక్కుద్వారా అడుగుచున్న మనుమలు, భారతప్రభుత్వము దానికి అర్హులనియు తీర్పు చెప్పినాడు. మనుమలును ప్రభుత్వమును అంతకుముందే తమలో తాము ఒప్పందము చేసికొనియుండిరి. పదిలక్షల పౌండ్లు మూడుకోట్ల యేబదిలక్షల పౌండ్లైనవి. నిజాము సంతతివారము మాకును పాలున్నదని నూరుమందికి పైబడిన ఇతర వారసులు ఆ వ్యవహారమును తిరిగి విచారింపగోరగా 2020లో అది తిరస్కరింపబడినది. మనువు చెప్పిన మాట ఇచ్చట ఎదురు తిరిగినది. నిక్షేప్త మరణించినాడు, వారసులు పెక్కురు, వారిలో ఎవరికి ఇచ్చిన అప్పు తీరినట్లు?

ఇక హైటెక్ సిటీ పరిసరములకు తిరిగి వత్తము. ఖుర్షీద్‌జాహీ పాయిగా వారసులు మత్రూకా విభాగముకొరకు వేసిన దావా 1958లో హైకోర్టునకు చేరి, 1963లో ప్రాథమిక డిక్రీ పొందినది. హఫీజ్‌పేట, హైదర్‌నగరు భూములు ఆ దావా పట్టికలలోనివి. నాడు జొన్నచేలు, మెట్టబంజరులు. భూమి విలువ పెరిగినకొలది డిక్రీలోని పేర్లకు వారసులు, వారి వారసులు, వారినుండి హక్కు కొన్నామనువారు కుప్పతెప్పలుగా వచ్చిరి. హైదర్‌నగరు భూములపై సుప్రీంకోర్టు 2023లో తీర్పు చెప్పువరకు అరువదియైదు సంవత్సరములు గడచినవి. ఎవరెవరికి ఎంతెంత పాలని విభాగడిక్రీ వారసుల నడుమ తేల్చును. ఆ భూమి పూర్వుని సొంతమా, సర్కారుదా యను ప్రశ్నను పరులమీద తేల్చదు. ఈ సంగతిని దాచిపెట్టి చేసిన విక్రయములన్నియు అస్వామివిక్రయములే. 2017లో మియాపురములో ఆరువందల ఎకరములకు మించిన భూమి ఇట్టి వారసత్వపు ఆధారముపై రిజిస్టరైనదని బయటపడి, నేరవిచారణకు దారితీసినది.

ఇట్టి దావాలకు జోడింపబడు వంశవృక్షములను మనవారు ఆధారములుగా ఉటంకించుట చూచుచున్నాను. దావాకొరకు గీచిన వృక్షములో కొమ్మలు ఫలమున్న వైపే వంగును. నిస్సంతుగా పోయిన సోదరుడు, మాయమైన కుమార్తె, రెండవభార్య సంతతి అందులో కనబడరు. పరిశీలకుడు ముందుగా వెదుకవలసినది భూమికి విలువ లేని కాలమున, వేరు ప్రయోజనమునకై, వేరెవరో వ్రాసిన పత్రము. జాగీరు వారసత్వపు ముంతఖబ్‌లు, 1952 అతియాత్ విచారణల చట్టముక్రింది దాఖలాలు, కోర్ట్ ఆఫ్ వార్డ్స్ లెక్కలు, నిజాము స్వయముగా పేర్లెక్కించిన 1950 ట్రస్టుపట్టిక అట్టివి. తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారమున పారశీ, ఉర్దూ దస్త్రములు లక్షలసంఖ్యలో కలవు. వానిని చదువగలిగినవారు మన ప్రాచ్యకళాశాలలనుండియే రావలెను. సంస్కృతముతోపాటు పారశీలిపి నేర్చిన తెలుగు విద్యార్థి నేడు ఎక్కడనున్నాడని అడుగుటకు నాకు సంకోచము లేదు.

ఉస్మాన్ అలీ ఖాన్ తన పూర్వులు పెక్కుమంది పడుకొనియున్న మక్కా మసీదులో సమాధి కోరలేదు. కింగ్‌కోఠీకి ఎదురుగా, శైశవమున పోయిన కుమారుని పేర తాను కట్టించిన జూదీ మసీదులో, తన తల్లి సమాధి చెంతనే ఆయనను పూడ్చిరి. ఉత్తరాధికారిగా ఎన్నుకొన్న మనుమడు ముకర్రమ్ జాహ్ 2023 జనవరి 14న ఇస్తాంబులులో మరణింపగా, శరీరమును హైదరాబాదునకు తెచ్చి మక్కా మసీదు ఆవరణలో పూర్వుల చెంత ఉంచిరి.